గుబురయ్య గారి మూడు వద్దులు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ మూల వాన పడిందన్న కబురు ఆ మూలకు చేరేసరికి ఎండలు ముదిరిపోయేవి, అంత పెద్ద అడవిలో ఒక క్రీడా విద్యా మండలి ఉండేది. దానికి ఎలుగుబంటి గుబురయ్య గారు చైర్మన్. పన్నెండేళ్ళుగా ఆయనే. వేరేవాళ్ళు దొరక్క కాదు. ఆయన కూర్చుని కూర్చుని ఆ బండరాయి కుర్చీ ఆయన ఆకారానికి అరిగిపోయింది. ఇంకెవరు కూర్చున్నా జారిపోతున్నారు.

గుబురయ్య గారు చెడ్డవారని నేననను. ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా పరుగెత్తలేదు. చెట్టెక్కితే తేనె కోసమే ఎక్కారు. అలాగని క్రీడల మీద మాట్లాడమంటే మాత్రం పొద్దు వాలేదాకా మాట్లాడేవారు. "గెలుపూ ఓటమీ సమానం నాయనా! ఆశ పడకుండా ఆడేదే ఆట!" అని ఆయన పదకొండోసారి అనేసరికి, పందేనికి వచ్చిన జింకపిల్లలు గీత మీదే నిద్రపోయేవి.

ఆ చలికాలంతో ఆయన పదవి అయిపోతుంది. ఆ సంగతి ఆయనకంటే ఇంట్లో రేగమ్మకే ఎక్కువ గుర్తుంది.

"ఏమండీ, మా తమ్ముడు పక్కడవిలో రెండంటే రెండేళ్ళు మెంబరుగా ఉన్నాడు. వాడి మెడలో వనరత్న బిళ్ళ వేళ్ళాడుతోంది. స్నానానికి దిగినా తియ్యట్లేదు. మీరు పన్నెండేళ్ళు వెలగబెట్టారు. మీ మెడలో ఏముంది చెప్పండి?"

"ఏముందే?"

"పేలు," అంది రేగమ్మ.

ఆ మాట గుబురయ్య గారికి ములుకులా గుచ్చుకుంది. నిజం చెప్పొద్దూ, ఆయనకు లోపల భయం పట్టుకుంది. చైర్మన్‌గారూ అని పిలిచినన్నాళ్ళూ సరే. దిగిపోయిన మర్నాటి నుంచి ఏముంది? పుట్టలు తవ్వుకునే ఉత్త ఎలుగుబంటి. దారిలో కుందేలు ఎదురైనా నమస్కారం పెట్టాలా వద్దా అని ఒక క్షణం ఆలోచిస్తుంది. ఆ ఒక్క క్షణం ఆయన భరించలేరు. మెడలో ఒక బిళ్ళ ఉంటే ఆ ఆలోచన ఉండదు కదా!

మర్నాడే సెక్రటరీని పిలిపించారు. సెక్రటరీ అంటే తొండ సూరప్ప. ఎవరేం చెప్పినా తలూపడం అతని వంశంలోనే ఉంది. దాంతోనే ఉద్యోగంలో ఇంత పైకొచ్చాడు.

"సూరప్పా, క్రీడా ఆదర్శాలకీ విద్యకీ సేవ చేసినవాళ్ళకి మన అడవిలో ఒక గౌరవ పతకం ఉండాలని నాకనిపిస్తోంది."

సూరప్ప తలూపాడు.

"అది ఎవరికివ్వాలో నేను నోటితో చెప్పకూడదు."

సూరప్ప తలూపాడు.

"చెప్పకుండానే తెలియాలి. తెలిసిందా?"

సూరప్ప ఈసారి రెండుసార్లు ఊపాడు.

వారం తిరక్కుండా మీటింగు పెట్టారు. పెద్దమెంబరు ఏనుగు గజలక్ష్మమ్మ గారు ఎప్పటిలాగే కునుకు తీస్తున్నారు. సాంస్కృతిక మెంబరు నెమలి నీలాంబరం తన తోక తానే చూసుకుంటున్నాడు. పతకం మాట వినగానే గజలక్ష్మమ్మ గారికి మెలకువ వచ్చింది.

"పతకమా? మంచిదే. చిరుతకిచ్చేస్తే పోలా? బాగా పరుగెడతాడు కదా."

సూరప్ప ఆకుల కట్ట విప్పాడు. "చిరుత గారు పోటీల్లో పాల్గొంటారండీ. పాల్గొనేవాళ్ళకి గెలవాలన్న ఆశ ఉంటుంది. ఆశ ఉన్నచోట ఆదర్శం ఎక్కడుంటుందండీ? అందుకని రూలు రాశాం. ఏ పోటీలోనూ ఏనాడూ పాల్గొననివారే అర్హులు."

"ఓహో. మరి ఆడకుండా ఆటకి సేవ చేసినవాళ్ళు ఎవరున్నారయ్యా?"

అందరూ గుబురయ్య గారి వైపు చూశారు. గుబురయ్య గారు ఆకాశం వైపు చూశారు. నీలాంబరం "అద్భుతం" అన్నాడు. తీర్మానం పాసైంది.

ఇంతా అయ్యాక ఒక చిక్కొచ్చింది. సొంత మండలి తన చైర్మన్ మెడలో తానే వేస్తే లోకం నవ్వదూ? బయటివాళ్ళ చెయ్యి ఒకటి పడాలి. ఏటా చలికాలానికి మంచుదేశం నుంచి వచ్చే తెల్లకొంగ దొరను ముఖ్య అతిథిగా పిలుద్దామన్నారు. ఆయన ఏడు దేశాల క్రీడలు చూసినవాడు. టైముకి వచ్చేవాడు, టైముకి పోయేవాడు. మన భాష కూడా ఒక రామచిలక దగ్గర పద్ధతిగా నేర్చుకున్నాడు.

పతకం తయారైంది. ఏటి అడుగున దొరికిన పసుపురాతి బిళ్ళను నున్నగా సానబెట్టించారు. గిజిగాడి చేత తాడు అల్లించారు. ఆ తాడు పొడవు చూసి పిచ్చుకలు కూడా ఇది ఎవరి మెడకో కనిపెట్టేశాయి.

ఇక మిగిలింది వద్దనడం.

ఆ అడవి మర్యాద మీకు చెప్పాలి. అక్కడ ఎవరైనా ఏదైనా ఇస్తే మూడుసార్లు వద్దనాలి, నాలుగోసారి తీసుకోవాలి. మొదటిసారే చెయ్యి చాస్తే కక్కుర్తి అంటారు. నాలుగోసారి కూడా వద్దంటే పొగరంటారు. ఇచ్చేవాళ్ళకీ ఆ లెక్క తెలుసు. పుల్లరేగు పండైనా సరే, నాలుగుసార్లూ పూర్తిగా బతిమాలతారు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

గుబురయ్య గారు వారం రోజులు ఇంట్లో వద్దులు సాధన చేశారు. రేగమ్మ ఇచ్చేది, ఆయన వద్దనేవారు.

"మొదటి వద్దుకి చేతులు జోడించండి," అంది రేగమ్మ. "రెండోదానికి గొంతు వణకాలి. మూడోదానికి తల దించండి, కళ్ళు తుడుచుకోండి. నాలుగోసారి మీ అందరి మాట కాదనలేక అంటూ మెడ వంచండి. మరీ గబుక్కున వంచకండి, మా తమ్ముడు అలాగే వంచి చెడ్డపేరు తెచ్చుకున్నాడు."

"నాలుగోదే బాగా వస్తోందే," అన్నారు గుబురయ్య గారు సంబరంగా.

"అది అందరికీ వస్తుంది. మొదటిదాని సంగతి చూడండి," అంది రేగమ్మ.

సభకు ముందురోజు దొర దిగాడు. గుబురయ్య గారింట్లో విందు. దొర రెండు చేపలు తిని "చాలు, ఇక వద్దు" అన్నాడు. ఆహా, దొరకి మన మర్యాద ఎంత బాగా తెలుసో అని రేగమ్మ మురిసిపోయి మూడోది వేసింది. దొర "నిజంగా వద్దు" అన్నాడు. నాలుగోది వేసింది. దొర రెక్కలు అడ్డం పెట్టి "అమ్మా, నేను చచ్చిపోతాను" అన్నాడు. ఇంతకంటే ముచ్చటగా వద్దనడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. అయిదోది నోట్లోనే పెట్టారు.

పాపం దొర ఆ పూట ఒంటికాలి మీద కూడా నిలబడలేకపోయాడు. సూరప్పతో అన్నాడట, "మా దేశంలో వద్దంటే వద్దనే అర్థం. మీ దగ్గర బలవంతం చేస్తారేమిటి?" అని. సూరప్ప తలూపాడు. వెళ్ళి చైర్మన్ గారికి ఆ మాట చెప్పాలని అతనికి తోచనే లేదు. తలూపాడు కదా, పనైపోయిందనుకున్నాడు.

సభ రోజు వచ్చింది. అడవంతా వచ్చింది. స్వాగతగీతం పాడటానికి ఏటిగట్టు బడి పిల్లలందరినీ పొద్దున్నే తోలుకొచ్చారు. జింకపిల్లలు, పందిపిల్లలు, రెండు కోతిపిల్లలు. వాళ్ళ వెనకాల వాళ్ళ టీచరు, ఉడుము చెంచమ్మ. పదిహేనేళ్ళుగా ఆ పిల్లలకి పరుగూ ఈతా చెట్టెక్కడమూ నేర్పుతూ, మిగిలిన పొద్దులో చదువు కూడా చెబుతోంది. సభల్లో ఆవిడకి ఎప్పుడూ వెనక వరసే. ఎండ తగిలితే పిల్లలకి అడ్డంగా నిలబడేది.

సూరప్ప ప్రశంసాపత్రం చదివాడు. అది ఎంతసేపు సాగిందంటే, దొర మూడుసార్లు కాలు మార్చుకున్నాడు. చివరికి పతకం దొర ముక్కుకి తగిలించారు.

"గుబురయ్య గారూ," అన్నాడు దొర, ఒక్కో అక్షరం చక్కగా పలుకుతూ. "మీ క్రీడా ఆదర్శాలకూ, విద్యాసేవకూ ఈ గౌరవ పతకం ఇస్తున్నాం. మీరు స్వీకరిస్తారా?"

గుబురయ్య గారు లేచారు. చేతులు జోడించారు. ఇంట్లో ఎన్నడూ రానంత బాగా వచ్చింది ఆ మొదటి వద్దు.

"అయ్యా! నేనెంతటివాడిని! నాకెందుకండీ పతకాలు? ఆశ పడకుండా ఆడేదే ఆట అని పన్నెండేళ్ళుగా చెబుతున్న నోటితో, ఇవాళ ఇది ఎలా తీసుకోమంటారు? నాకొద్దు. దయచేసి నాకొద్దు."

సభంతా ఒక్కసారి ఈలలు, చప్పట్లు. రేగమ్మ ముందువరసలో కళ్ళు ఒత్తుకుంది. గుబురయ్య గారు రెండో వద్దుకి గొంతు సిద్ధం చేసుకుని, అడగడం కోసం చూస్తున్నారు.

దొర మాత్రం కరిగిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"నేను ఏడు దేశాలు తిరిగాను. ఇలాంటి మాట ఎక్కడా వినలేదు," అన్నాడు. తర్వాత సూరప్ప వైపు తిరిగి, "ఆయన నిజంగానే వద్దంటున్నారు కదా?" అని అడిగాడు.

సూరప్ప తలూపాడు.

"అయితే సరే. నిన్న వద్దంటున్నా నా చేత చేపలు తినిపించారు. ఆ బాధ ఏమిటో నాకు తెలుసు. ఇంత గొప్పవారికి ఆ బాధ నేను పెట్టను. కూర్చోండి."

గుబురయ్య గారు కూర్చోలేదు. ఏమని అంటారు? నన్ను ఇంకోసారి అడుగు అని అడుగుతారా? అలా అడగడానికి ఆ అడవిలో ఇంతవరకూ మాటే పుట్టలేదు. రేగమ్మ కింద నుంచి సైగలు చేస్తోంది. ఆయన గట్టిగా దగ్గారు. దొర ఆయనకి నీళ్ళు ఇప్పించాడు.

"మరి ఇది గజలక్ష్మమ్మ గారికి ఇద్దామా?" అన్నాడు దొర.

గజలక్ష్మమ్మ గారు నిద్ర కళ్ళతో లేచారు. ఇప్పుడే ఎలుగుబంటికి పడిన చప్పట్లు ఆవిడ చెవుల్లో మోగుతున్నాయి. పతకం తీసుకున్నవాడికి అంత చప్పట్లు ఎప్పుడు పడ్డాయి గనక? "నాకూ వద్దు," అన్నారు తొండం ఎత్తి. ఇంకా పెద్ద చప్పట్లు. నీలాంబరం అయితే పురి విప్పి మరీ వద్దన్నాడు. ఎవరూ ఇవ్వకపోయినా అడవిపంది కాంట్రాక్టరు లేచి నిలబడి, "నాకసలే వద్దు," అన్నాడు. అతనికీ పడ్డాయి చప్పట్లు.

ఒక్కొక్కరూ వద్దంటుంటే గుబురయ్య గారు ప్రాణం ఉగ్గబట్టుకుని చూశారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆయనకే ఇవ్వండి అంటే చాలు! ఎవరూ అనరే!

దొర నివ్వెరపోయి చూస్తున్నాడు. ముక్కు బరువెక్కింది. సూర్యుడు నెత్తి మీదకొచ్చాడు, ఆయన ఎగిరిపోయే టైము దగ్గరపడింది. ఆఖరికి వెనక వరసలో పిల్లలకి నీడ పట్టుకుని నిలబడ్డ ఉడుము కనిపించింది.

"అమ్మా, మీరేం చేస్తుంటారు?"

"పిల్లలకి పరుగు నేర్పుతానండి. చదువు చెబుతాను," అంది చెంచమ్మ.

"ఎప్పుడైనా పోటీల్లో పాల్గొన్నారా?"

"లేదండి. నేనెప్పుడూ గీత దగ్గర నిలబడి ఉంటాను. ఎవరు ముందొచ్చారో చూడాలి కదా."

"ఈ పతకం తీసుకుంటారా?"

"తీసుకుంటానండి," అంది చెంచమ్మ.

సభంతా ఉలిక్కిపడింది. "ఒక్కసారికే!" అన్నారు ఎవరో. "హవ్వ!" అన్నారు ఇంకెవరో. చప్పట్లు ఒక్కటి కూడా పడలేదు, పిల్లలవి తప్ప. పిల్లలు మాత్రం ఏటి అవతలికి వినబడేలా అరిచారు. చెంచమ్మ ముందుకొచ్చింది. తాడు ఎలుగుబంటి మెడ కొలత కదా, మూడు చుట్లు తిప్పినా ఇంకా నేల మీద ఈడ్చుకుంటోంది. ఆవిడ దాన్ని నోట కరుచుకుని దిగింది. ఉడుము పట్టిందంటే వదలదని మీకు తెలుసు.

దొర ఎగిరిపోయాడు. సభ అయిపోయింది. చైర్మన్ హోదాలో విజేతని అభినందించడం గుబురయ్య గారి పని. ఆయన చెంచమ్మ దగ్గరికి వెళ్ళారు. "గెలుపూ ఓటమీ..." అని మొదలుపెట్టారు. రెండో మాట గొంతులోనే ఉండిపోయింది. పన్నెండేళ్ళలో ఆ వాక్యం ఆయనకి రాకపోవడం అదే మొదటిసారి.

చెంచమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఏడాదికి నలభైమంది పిల్లల మొహాలు ఓడిపోయినప్పుడు చూసే కళ్ళు అవి.

"చైర్మన్‌గారూ, ఆ పొద చాటు బాగుంటుందండి," అంది మెల్లగా. "మా పిల్లలకి మొదటి పాఠం అదే చెబుతాను. ఓడినప్పుడు కాసేపు ఏడవొచ్చు. తర్వాత వచ్చి నీళ్ళు తాగాలి, గెలిచినవాళ్ళతో మాట్లాడాలి."

"నేనెందుకు ఏడుస్తానమ్మా? నాకు వద్దనే కదా అన్నాను," అన్నారు గుబురయ్య గారు.

"అవునండి. అందుకే పొద చాటు చెప్పాను."

ఆయన పొద చాటుకి వెళ్ళారు. బాగానే ఏడ్చారు. తర్వాత వచ్చి నీళ్ళు కూడా తాగారు. చెంచమ్మతో మాట్లాడటం మాత్రం రేపు చూద్దామనుకున్నారు.

ఇక్కడితో ఆగితే గుబురయ్య గారు ఎంతో కొంత బాగుపడేవారే. కానీ ఆయన వద్దన్న సంగతి అడవంతా పాకింది. "పతకం కాదన్న మహానుభావుడు" అని కుందేళ్ళు ఒకటికి రెండు నమస్కారాలు పెడుతున్నాయి. అవి తీసుకుంటున్నా ఆయనకి రుచించట్లేదు. మెడ తడుముకుంటే బోడిగా తగులుతోంది. రేగమ్మ తమ్ముడు చూడటానికి వచ్చి, "బావా, నువ్వు మహాత్ముడివి" అన్నాడు తన బిళ్ళ సర్దుకుంటూ. ఆ రాత్రి గుబురయ్య గారికి అన్నం సయించలేదు.

నెల తిరిగింది. ఆయన పదవి చివరిరోజు. వీడ్కోలు సభలో నీలాంబరం లేచి ఒక కొత్త తీర్మానం పెట్టాడు. పతకాన్ని వద్దన్న గుబురయ్య గారి పేరు మీద "గుబురయ్య త్యాగ పతకం" పెట్టాలి. పతకాల మీద ఆశ లేనివాళ్ళకే అది ఇవ్వాలి. మొట్టమొదటిది గుబురయ్య గారికే ఇవ్వాలి. సూరప్ప ఆకు మీద రాసుకుంటూ తలూపాడు.

గుబురయ్య గారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. మళ్ళీ వచ్చిందిరా దేవుడా! ఈసారి బిళ్ళ మునుపటికంటే పెద్దది. తాడు కూడా ఆయన కొలతే. ఇవ్వబోయేది కొత్త చైర్మన్ గజలక్ష్మమ్మ గారు. ఆవిడ బిళ్ళ తొండంతో పట్టుకుని దగ్గరికొచ్చారు.

"గుబురయ్య గారూ, ఈ త్యాగ పతకం మీరు..."

"ఇవ్వండి!" అన్నారు గుబురయ్య గారు.

అనడమే కాదు, మెడ వంచేశారు. రెండు చేతులూ చాచేశారు. నెలరోజులుగా ఆ ఒక్క మాట ఆయన నాలుక చివర కూర్చుని ఉంది, ఆగలేదు పాపం. ఒక్క వద్దు కూడా లేదు.

రేగమ్మ మొహం చేతుల్లో దాచుకుంది.

గజలక్ష్మమ్మ గారు బిళ్ళని మెల్లగా వెనక్కి తీసుకున్నారు. ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది.

"అయ్యో గుబురయ్య గారూ, ఎంత పని చేశారండీ! నాలుగుసార్లూ అడుగుదామని నేను పొద్దుట్నుంచీ నిద్ర కూడా పోలేదు."

"అయితే అడగండి! ఇప్పుడు అడగండి, వద్దంటాను!"

"ఇప్పుడెలా అండీ? ఆశ లేనివాళ్ళకి అని రూలు రాసుకున్నాం. మీకు ఆశ ఉందని అడవంతా చూసేసింది కదా. ఏమయ్యా సూరప్పా, అంతేనా?"

సూరప్ప తలూపాడు.

ఆ బిళ్ళ ఇప్పటికీ మండలి గుహలోనే ఉంది. ఏటా ఎవరికివ్వాలని ఒక మీటింగు అవుతుంది. కావాలన్నవాళ్ళకి అర్హత ఉండదు, వద్దన్నవాళ్ళకి ఎలా ఇస్తామని మళ్ళీ వాయిదా వేస్తారు. గుబురయ్య గారు పుట్టలు తవ్వుకుంటున్నారు. ఎవరైనా పలకరిస్తే, ఏమిటండీ సంగతులు అంటే, వద్దు అనాలో ఇవ్వండి అనాలో తెలియక కాసేపు తడబడతారు.

నీతి: పతకం కావాలనుకునేవాడు సేవ చేసినా చెయ్యకపోయినా ఫర్వాలేదు గానీ, ఇచ్చేవాడు ఎన్నిసార్లు అడుగుతాడో మాత్రం ముందే కనుక్కుని ఉండాలి.